క్రిస్మస్ పిండివంటల గురించి అడిగారు కాబట్టి

"క్రిస్మస్‌కు కేకు కాకుండా ఇంట్లో చేసుకోగలిగే తీపి, కారం రకాలు ఏమున్నాయి? నాకు వంట కొత్త, ఇంట్లో ఒవెన్ కూడా లేదు" అన్నది మీ ప్రశ్న.

ఒవెన్ లేదని మీరు దిగులుపడటం చూసి నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి. మాది తెనాలి దగ్గర పల్లె. హయ్యర్ అనే లూథరన్ మిషనరీ అమెరికా నుంచి గుంటూరుకు వచ్చింది 1842లో. ఆ తర్వాత ఎన్ని తరాలు గడిచాయో చూడండి. ఆ తరాలన్నీ క్రిస్మస్ ఉదయం చర్చికి వెళ్లొచ్చి తిన్నది కేకు కాదు. అరిసెలు, జంతికలు, గులాబీ పువ్వులు. దొరల బంగళాల్లో కేకులు కాల్చి ఉండవచ్చు. పొలం పనులకు వెళ్లే మా ఇళ్లలో ఉన్నవి కట్టెల పొయ్యి, మూకుడు. ఆ రెంటితో ఏది వండగలమో అదే మా క్రిస్మస్ వంట అయింది. దీనికి రుజువేమిటని అడిగితే మా నాయనమ్మ మాటే రుజువు, అంతకు మించి నేను వెతకలేదు, వెతకను కూడా.

మన దేశంలో మొదటి క్రిస్మస్ కేకును 1883లో కేరళలోని తలశ్శేరిలో మంబళ్లి బాపు అనే ఆయన, ముర్డాక్ బ్రౌన్ అనే తోటల దొర అడిగితే తయారుచేశారని చెబుతారు. ఆ కేకు మీద నాకు గౌరవమే. నా బాధంతా డిసెంబరు రాగానే మా వీధి చివర బేకరీలో అట్టపెట్టెల్లో గుట్టలుగా పేర్చే కేకుల మీద. ఎండుద్రాక్ష వెతుక్కోవాలి. ఎర్రగా, పచ్చగా కనిపించేవి పండ్లు కావు, పంచదార పాకంలో ఊరవేసి రంగు వేసిన పచ్చి బొప్పాయి ముక్కలు. దానికి ప్లమ్ కేకు అని పేరు పెట్టి, ఎర్ర రిబ్బను కట్టి, మామూలు రోజుల కంటే రెట్టింపు ధరకు అమ్ముతారు. అంతగా కేకు తినాలని ఉంటే ప్రెషర్ కుక్కర్ అడుగున ఇసుక పోసి, గ్యాస్కెట్టు, విజిల్ తీసేసి, సన్నటి మంట మీద ఇంట్లోనే చేసుకోవచ్చు. ఎండు పండ్లను ద్రాక్షరసంలో నానబెడితే చాలు. కానీ మీరు కేకు కాకుండా అని అడిగారు. సంతోషం.

ఇంకో విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. నేను ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చిన కొత్తలో క్రిస్మస్ మర్నాడు ఆఫీసుకు అరిసెలు తీసుకెళితే ఒకావిడ ఆశ్చర్యపోయి "మీరు కూడా అరిసెలు చేస్తారా?" అని అడిగింది. ఇప్పటికీ ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. చేయక ఏం చేస్తామమ్మా? డెల్టాలో వరి కోతలు నవంబరు, డిసెంబరు నెలల్లో. అనకాపల్లి మార్కెట్టుకు కొత్త బెల్లం వచ్చేదీ ఆ రోజుల్లోనే. కొత్త బియ్యం, కొత్త బెల్లం ఇంటికి చేరాక ఎవరి పండుగ ముందు వస్తే వాళ్లు ముందు వండుతారు. మాది మూడు వారాలు ముందు వస్తుంది, అంతే తేడా. క్రిస్మస్‌కు మా ఇంటి నుంచి వెళ్లిన డబ్బా సంక్రాంతికి పక్కింటి అరిసెలతో తిరిగి వచ్చేది. పక్కింటి పిన్నిగారి అరిసెలే మెత్తగా ఉంటాయని మా నాన్న మా అమ్మ ముందే అనేవారు. ఆ ధైర్యం నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అయితే మీకు వంట కొత్త అన్నారు కాబట్టి మొదటి మాట: ఒక్కరే ఉంటే అరిసెల జోలికి వెళ్లకండి. అది ఒకరి వల్ల అయ్యే పని కాదు. ఎందుకో మా మేనత్త ఇంట్లో జరిగింది చెబితే తెలుస్తుంది.

నేను డిగ్రీ చదువుతున్న రోజులు. మా ఊళ్లో క్రిస్మస్ వంటలకు వంతులు ఉండేవి. ఇవాళ ఒకరింట్లో, రేపు ఇంకొకరింట్లో, ఆడవాళ్లందరూ చేరి వండేవారు. పగలంతా పొలం పనులు కాబట్టి మూకుడు పొయ్యెక్కేది రాత్రిపూటే. ఆ రోజు అత్తయ్య వంతు. ముందు రోజు నానబోసి, మధ్యలో నీళ్లు మార్చిన బియ్యాన్ని వడగట్టి, బట్ట మీద ఆరీ ఆరకుండా ఉండగానే మర పట్టించి తెచ్చారు. పిడికిట్లో పట్టుకుంటే ముద్ద కట్టాలి, ఆ తడి ఉండాలి. జల్లించి, బేసినులో అదిమి, పైన తడిబట్ట కప్పారు. పెరట్లో ఇటుకల పొయ్యి మీద పెద్ద ఇత్తడి గిన్నెలో బెల్లం పడింది. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం అన్నది అత్తయ్య లెక్క. అర్ధరాత్రి దాటింది. బెల్లం నురగ కట్టి పొంగుతోంది. సరిగ్గా అప్పుడు క్యారల్స్ వాళ్లు వచ్చారు.

గిటారు, డోలక్, కర్రకు కట్టిన పెద్ద నక్షత్రం, దూది గడ్డం పెట్టుకున్న క్రిస్మస్ తాత, వెనక కుర్రాళ్ల గుంపు. రెండు పాటలు పాడారు. బాగానే ఉంది. తర్వాత సంఘ పెద్ద ఒకాయన ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ప్రార్థన సంగతి ఊరంతటికీ తెలుసు. ఇంటివాళ్లతో మొదలై పంటలు, పశువులు, పరీక్షలు రాసే పిల్లలు, గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు, ఆసుపత్రుల్లో ఉన్నవాళ్లు, దేశాన్ని ఏలేవాళ్లు, ఇలా ఎవరినీ వదలరు. అందరం తలలు వంచి కళ్లు మూసుకున్నాం. అత్తయ్య ఒక కన్నే మూసింది. రెండోది పాకం మీద ఉంది.

నేనూ దొంగచాటుగా చూస్తూనే ఉన్నాను. ఎడమ చేత్తో కొంగు తల మీదకు లాక్కుని, కుడి చేత్తో తెడ్డు తిప్పుతోంది. పక్కన పళ్లెంలో నీళ్లు. ఒక చుక్క పాకం నీళ్లలో వేసింది, అది అలాగే కరిగిపోయింది. ప్రార్థన పశువుల దగ్గర ఉంది. ఇంకో చుక్క వేసింది. వేళ్లతో దగ్గరకు తీస్తే చేరింది గాని పట్టు లేదు. ప్రార్థన గల్ఫ్ దేశాలకు చేరుకుంది. తర్వాతి చుక్క కుదిరింది. చూపుడు వేలికీ బొటన వేలికీ మధ్య మెత్తటి ఉండ, కరగకుండా, జారకుండా నిలిచింది. ఇక ఆగితే పాకం ముదురుతుంది, ముదిరితే ఆ అరిసెలను సుత్తితో పగలగొట్టుకోవాలి. సంఘ పెద్ద అప్పుడే ఢిల్లీ నాయకుల దగ్గరకు వచ్చారు.

"ఆమెన్!" అంది అత్తయ్య, పెరడంతా అదిరేలా.

అలవాటు ఎక్కడికి పోతుంది? కుర్రాళ్లందరూ ఒక్క గొంతుతో "ఆమెన్" అన్నారు. అంతమంది ఆమెన్ అన్నాక ప్రార్థన సాగించడం ఎంత భక్తిపరుడికైనా కష్టమే. ఆయన కళ్లు తెరిచి అయోమయంగా చూశారు. "వందనాలు అన్నయ్యగారూ, మిగతా ప్రార్థన పిండి పడ్డాక చేద్దురు గాని" అని, అత్తయ్య డోలక్ కుర్రాడి వైపు తిరిగింది. "ఒరేయ్, అది కింద పెట్టి ఈ తెడ్డు పట్టుకో."

అరిసెల చలిమిడి కలిపినవాళ్లకే తెలుస్తుంది ఆ పని. పిండి పోసేవాళ్లు ఒకరు, గిన్నె కదలకుండా పట్టేవాళ్లు ఒకరు, ఉండ కట్టకుండా తెడ్డు వేసేవాళ్లు ఒకరు. పిండి దగ్గరపడే కొద్దీ తెడ్డు తిరగదు, భుజాలు పోతాయి. డోలక్ కుర్రాడు అలిసిపోతే గిటారు అబ్బాయి అందుకున్నాడు. క్రిస్మస్ తాత పొయ్యి సెగకు తట్టుకోలేక గడ్డం తీసి జేబులో కుక్కుకుని, గోనెపట్టాతో గిన్నె అంచు పట్టుకున్నాడు. నెయ్యి, నువ్వులు పడ్డాయి. పెద్దమ్మ చలిమిడి ఉండలను ఆకు మీద తట్టి నూనెలో వదులుతుంటే, అమ్మ రెండు చెక్కల మధ్య అరిసెను నొక్కి నూనె కార్చింది. వేడి అరిసె ఎవరూ తినకూడదు, నాలుక కాలుతుంది, పైగా అసలు రుచి మర్నాటికి గాని రాదు. ఆ మాట వినేవాళ్లు అక్కడ ఎవరూ లేరు. సంఘ పెద్ద కూడా ఉత్తరీయం కొనతో పట్టుకుని రెండు తిన్నారు.

ఆ రాత్రి వీధి చివరి ఇళ్లకు క్యారల్స్ వెళ్లనే లేదు. లైట్లు వేసుకుని, టీ కాచుకుని ఎదురుచూసిన వాళ్లు ఆదివారం చర్చి దగ్గర పెద్ద రగడ చేశారు. అత్తయ్య తలో డబ్బా అరిసెలు పంపించి ఆ గొడవ తీర్చింది. ఇప్పుడు క్యారల్స్ వాళ్లు ఆటోలకు పెద్ద పెద్ద బాక్సులు కట్టుకుని వస్తున్నారు. ఆ హోరులో అత్తయ్య ఎంత గట్టిగా ఆమెన్ అన్నా వినపడదు.

కాబట్టి మీరు గులాబీ పువ్వులు చేయండి, పువ్వు ఆకారపు అచ్చును పిండిలో ముంచి నూనెలో వేయించేవి. ఒక్కరే చేయగలరు, ఒక పూటలో అయిపోతాయి, చూసినవాళ్లు మీకు పెద్ద పనితనం ఉందనుకుంటారు. కేరళ క్రైస్తవులు వీటినే అచ్చప్పం అంటారు. శ్రీలంకలో సింహళ సంవత్సరాదికి కొకిస్ అని చేస్తారు. నార్వే, స్వీడన్ వాళ్లకు కూడా క్రిస్మస్‌కు ఇలా అచ్చు ముంచి వేయించే వంట ఉంది. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో తేల్చుకునే పని ఓపిక ఉన్నవాళ్లకు వదిలేద్దాం.

బియ్యప్పిండి 2 గ్లాసులు, మైదా 1 గ్లాసు, పంచదార పొడి ముప్పావు గ్లాసు, గుడ్లు 2, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి, నువ్వులు. కొబ్బరిపాలతో దోసెల పిండి కంటే కాస్త పల్చగా కలపండి. పంచదార ఎక్కువైతే పువ్వు అచ్చును వదలదు, రంగు కూడా మాడుతుంది. ఇక అసలు కిటుకంతా అచ్చులో ఉంది. నూనె కాగుతుండగా అచ్చు కూడా అందులోనే ఉండి వేడెక్కాలి. బయటకు తీసి, అంటిన నూనె విదిలించి, పిండిలో ముంచండి. చుయ్యిమనాలి. అనకపోతే అచ్చు ఇంకా కాగలేదు. చుయ్యిమన్నా పిండి అంటకుండా గిన్నెలోనే ఊడిపోతే మరీ కాగింది. ముంచేటప్పుడు అచ్చు పై అంచు మునగకూడదు, ముప్పావు వంతే మునగాలి. పై అంచు మీదకు పిండి ఎక్కిందంటే పువ్వు అచ్చును గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. నూనెలో పెట్టి కాసేపు ఆగి, చిన్నగా ఆడిస్తే తనంతట తనే జారి తేలుతుంది. మొండికేస్తే పుల్లతో అంచు కదపండి. లేత బంగారు రంగు రాగానే తీసేయాలి, బయటకు వచ్చాక కూడా ఇంకాస్త ఎరుపెక్కుతాయి. వేడి మీద మెత్తగా ఉన్నాయని కంగారు పడకండి, చల్లారితే కరకరలాడతాయి. పిండి అడుగుకు దిగుతుంది, మధ్యమధ్యలో కలుపుతూ ఉండండి.

గుడ్డు తినని ఇరుగుపొరుగులకు పంచేదుంటే గుడ్డు లేకుండా ఇంకాస్త మైదాతో విడిగా పిండి కలిపి, కొత్త నూనెలో ముందు అవే వేయించండి. చెప్పకుండా పెట్టడం తప్పు. మా అమ్మ ఆ డబ్బాకు గుర్తుగా దారం కట్టేది.

కారానికి జంతికలు చాలు. వెన్న, వాము మరిచిపోకండి. గవ్వలు పిల్లలతో చేయించండి. గవ్వల చెక్క లేకపోతే కొత్త దువ్వెన మీద నొక్కినా గీతలు పడతాయి. గోవా వాళ్లు క్రిస్మస్‌కు చేసే కుల్‌కుల్‌లు దాదాపు ఇవే. వరంగల్, కరీంనగర్ వైపు స్నేహితులుంటే సకినాలు వాళ్లను అడిగి చేయించుకోండి, చుట్టడం చూసి నేర్చుకోవాల్సిందే, రాసి చెబితే రాదు. ఇవేవీ చేయలేక హోమ్ ఫుడ్స్ అని బోర్డు పెట్టిన కొట్లో కొంటాననకండి. మా కాలనీలో అలాంటి కొట్టు ఒకటుంది. దాని వెనక పామాయిల్ డబ్బాలు వరుసగా పేర్చి ఉంటాయి. అక్కడ హోమ్ ఎవరిదో నాకు ఇంతవరకు కనిపించలేదు. అమెరికాలో ఉన్న పిల్లలకు అవే కిలోల లెక్కన కొరియర్ చేస్తున్నారు, అది ఇంకా పెద్ద బాధ.

అచ్చు కొనేటప్పుడు మాత్రం తేలికగా ఉందని అల్యూమినియంది తీసుకోకండి, వేడి నిలవదు. ఇనుపది లేదా ఇత్తడిది, పొడుగు కాడతో, బరువుగా ఉన్నది చూడండి. పాత గిన్నెల బజారులో దొరికే వాడిన అచ్చయితే ఇంకా మంచిది. కొత్తదయితే ముందు రోజు రాత్రి నూనెలో ముంచి ఉంచండి. మర్నాడు మొదటి రెండు మూడు పువ్వులు ముక్కలుగానే వస్తాయి. అవి వండినవాళ్ల వాటా.