న్యూరాన్ పేలుతుందా?

సందేహం: మాది రాయగడ జిల్లా గుణుపురం. ప్లస్ టూ పిల్లలకు ట్యూషన్ చెబుతాను. వాళ్లకు బడిలో ఒడియా, ఇంగ్లిషు, ఇంట్లో తెలుగు. మెదడు పనితీరును చూసి తయారుచేసే న్యూరోమార్ఫిక్ చిప్‌ల మీద తెలుగులో నోట్సు రాస్తూ, న్యూరాన్ (నాడీకణం) 'ఫైర్' అవుతుంది అనే ఇంగ్లిషు మాటకు 'న్యూరాన్ పేలుతుంది' అన్నాను. పిల్లలు ఒకటే నవ్వు. తుపాకీ పేలినట్టే కదా, తప్పేముంది? 'చిప్ నేర్చుకుంటుంది' అనవచ్చా?

సమాధానం: నవ్వారంటే వాళ్ల తెలుగు బాగానే ఉందన్నమాట. తలలో పేలు అంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది దువ్వెనే!

తుపాకీ సంగతి ఒప్పుకుంటాను. కానీ అదొక్కటీ పక్కన పెడితే, మన వాడుకలో పేలిన వస్తువు ఇక పనికి రాదు. టైరు పేలింది, సిలిండర్ పేలింది, ఫోన్ పేలింది. చిప్‌లో న్యూరాన్లు పేలాయంటే చిప్ కాలిపోయిందనుకుంటారు. అక్కడ నిజంగా జరిగేది వేరు. చిప్‌లో న్యూరాన్ అంటే ఒక సర్క్యూట్ చేసే పని. అది పక్క న్యూరాన్ల నుంచి వచ్చే సంకేతాలను కూడబెట్టుకుంటుంది. ఆ మొత్తం ఒక హద్దు దాటగానే స్పైక్, అంటే ఒక చిన్న విద్యుత్ సంకేతం, వదులుతుంది, మళ్లీ మొదటికి వస్తుంది. కాబట్టి 'స్పైక్ వదులుతుంది' అనండి. బాణం వదిలాం, నీళ్లు వదిలాం అంటాం కదా, ఆ వదలడమే ఇదీ. హద్దు దాటకపోతే? 'ఊరుకుంటుంది'. ఈ క్రియ మీ పాఠానికి చాలా ముఖ్యం, ఎందుకంటే కరెంటు ఆదా అయ్యేది ఆ ఊరుకోవడంలోనే. 2014లో ఐబీఎం చూపించిన ట్రూనార్త్ చిప్‌లో 10 లక్షల న్యూరాన్లున్నా, అది వాడే కరెంటు సుమారు 70 మిల్లీవాట్లే.

అలాగని 'ఉత్తేజితమగును' అని రాయకండి. చదువు నోటి మాటలో సాగాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది మీకు దగ్గర్లోని పర్లాకిమిడిలోనే.

ఇక 'నేర్చుకుంటుంది' నిక్షేపంగా అనవచ్చు. బండి మొరాయించింది, మోటారు మొండికేసింది అనే భాష మనది. పైగా 2017లో ఇంటెల్ తెచ్చిన లోయిహీ లాంటి చిప్‌లలో, వచ్చే స్పైక్‌లను బట్టి న్యూరాన్ల మధ్య లంకెల బలం చిప్‌లోనే మారుతుంది. ఆ మార్పునే నేర్చుకోవడం అంటున్నాం. 'ఆలోచిస్తుంది' అని మాత్రం రాయకండి, అది ఇంకా ఏ చిప్‌కూ చెల్లదు.