రెండు వేళ్ల ఎడం

హనుమకొండ

తమ్ముడికి,

హారర్ సినిమా పోస్టర్ల మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని 'భయంకరమైన', 'భీకరమైన', 'ఒళ్లు గగుర్పొడిచే' అన్న మాటల కింద గీతలు గీస్తూ పోతే నాలుగు పేజీల్లో పందొమ్మిది తేలాయి. చూసినవాడికి భయం వేసిందని పందొమ్మిదిసార్లు చెప్పావు గాని, వాడి కన్ను ముందుగా ఎక్కడ పడింది, అక్కడి నుంచి ఎటు జరిగింది, ఏది చూశాక వెనక్కి తగ్గింది అన్నది ఒక్కచోటా చెప్పలేదు. ఈ ఉత్తరం ఆ లోటు గురించే.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు బడికి పోయే దారిలో ఒక పాత గోడ ఉండేది. వారం వారం దాని మీద కొత్త సినిమా వెలిసేది. పోస్టర్లు అంటించే మనిషి సైకిలుకు నిచ్చెన కట్టుకుని, మైలుతుత్తం కలిపిన మైదాపిండి లై బకెట్టును హ్యాండిల్‌కు తగిలించుకుని వచ్చేవాడు. పెద్ద పోస్టరు ఒకే కాగితం మీద ఉండదు. శివకాశిలోనో మద్రాసులోనో ముక్కలుగా అచ్చయి వస్తుంది; వాటిని గోడ మీద అంచుకు అంచు కలిపి అతికించాలి. ఒకసారి దెయ్యం సినిమా పోస్టరు వేస్తూ ఏ తొందరలో ఉన్నాడో గాని, కుడివైపు ముక్కను రెండు వేళ్ల మేర కిందికి అతికించి పోయాడు. దాంతో బొమ్మలోని ఆడమనిషికి ఒక కన్ను కిందికి దిగింది, పెదవి మధ్యలో విరిగింది. ఆ వారమంతా నేను చుట్టుదారిన బడికి పోయాను. ఆదివారం కాజీపేటలో మా మేనమామ ఇంటికి పోతే అక్కడి గోడ మీద అదే పోస్టరు సరిగ్గా అతికి ఉంది. కోరలున్నాయి, నెత్తురుంది, విరబోసుకున్న జుట్టుంది, వెనక పాడుబడ్డ బంగళా కూడా ఉంది. భయం మాత్రం లేదు. చిత్రకారుడు అంత కష్టపడి గీసినవేవీ చేయలేని పనిని ఒక పొరపాటు చేసింది.

ఎందుకంటే మనిషి కన్ను అన్నిటికంటే ముందు ముఖాన్ని వెతుక్కుంటుంది. రెండు చుక్కలూ ఒక గీతా కనిపిస్తే చాలు, గోడ పెచ్చులోనైనా, తలుపు గడియలోనైనా ముఖాన్ని చూసేస్తుంది. అంత అలవాటైన దానిలో చిన్న తేడా వస్తే, ఆ తేడా ఏమిటో బుద్ధికి అందకముందే మనసు కలత పడుతుంది. కోరల సంగతి వేరు. వాటికి 'ఇది దెయ్యం' అని పేరు పెట్టి పక్కన పెట్టేస్తాం. పేరు పెట్టలేని తేడా మాత్రం వెంట వస్తుంది.

1975 నాటి 'జాస్' పోస్టరును నువ్వు 'పెద్ద సొరచేప నోరు తెరిచి ఉంది' అన్న వాక్యంతో దాటేశావు. రోజర్ కాస్టెల్ ఆ బొమ్మను మొదట నవల అట్ట కోసం గీశాడు, తర్వాత అదే సినిమాకూ వాడారు. అందులో అమ్మాయి నీటి పైన అడ్డంగా ఈదుతోంది. సొరచేప అడుగు నుంచి నిట్టనిలువుగా లేస్తోంది. అడ్డగీత మీదికి నిలువుగీత వస్తోంది, రెండింటి నడుమ కొంచెం నీళ్లే మిగిలాయి. ఆ కొంచెం ఎంతసేపట్లో కరిగిపోతుందో మనకు తెలియకుండానే లెక్క కడతాం. ఆమెకు తెలియదు, మనకు తెలుసు, చెప్పే దారి లేదు. నోరు ఎంత పెద్దదన్నది దాని తర్వాతి సంగతి.

1973లో బిల్ గోల్డ్ రూపొందించిన 'ది ఎగ్జార్సిస్ట్' పోస్టరులో నోరూ లేదు, పన్నూ లేదు. వీధి దీపం దగ్గర టోపీ పెట్టుకుని, సంచీ పట్టుకుని నిలబడ్డ ఒక మనిషి నల్లని ఆకారం, ఎదురుగా ఇల్లు, పై కిటికీలోంచి అతని మీదికి పడుతున్న వెలుగు, అంతే. పొద్దుగూకగానే దీపం పెట్టి దణ్ణం పెట్టుకునే ఇళ్లలో పెరిగినవాళ్లం. వెలుగున్న దిక్కు క్షేమమని మన కన్ను ఎప్పుడో నేర్చుకుంది. ఇక్కడ చీకట్లో నిలబడ్డవాడు దెయ్యాన్ని వదిలించి మేలు చేయవచ్చినవాడు, ఆపద వెలుగున్న గదిలో ఉంది. అతను ఇంకా లోపలికి పోలేదన్నది కూడా గమనించు.

1991 నాటి 'ది సైలెన్స్ ఆఫ్ ద ల్యాంబ్స్' హారరా, థ్రిల్లరా అన్న పేచీ నాకొద్దు గాని, దాని పోస్టరును రెండు దూరాల నుంచి చూడాలి. దూరం నుంచి పాలిపోయిన ముఖం, పెదవుల మీద వాలిన రెక్కలపురుగు కనిపిస్తాయి. దగ్గరికి పోతే పురుగు వీపున పుర్రె, ఇంకా దగ్గరికి పోతే ఆ పుర్రె ఏడుగురు నగ్న స్త్రీల దేహాలు కలిసి ఏర్పడిందని తెలుస్తుంది. 1951లో చిత్రకారుడు సాల్వడార్ డాలీతో కలిసి ఫొటోగ్రాఫర్ ఫిలిప్ హాల్స్‌మన్ తీసిన ఫొటో దానికి మూలం. చూసినవాడే ముందుకు వంగి, తన అడుగులతో తానే చిక్కుకుంటాడు. ఇటువంటి పోస్టరు గురించి రాసేటప్పుడు నీ వాక్యం కూడా ఒక్కో అడుగే దగ్గరికి పోవాలి. పుర్రె రహస్యాన్ని మొదటి వాక్యంలోనే చెప్పేశావు.

'ఎరుపు భయానికి గుర్తు' అని రాశావు. కథ చెబుతూ విప్పి చూపే చేర్యాల నకాశీ బొమ్మల పటం చూడని వాడు అనవలసిన మాట అది. ఆ పటాల నేపథ్యమంతా ఎరుపే. వాటి ముందు కూర్చుని మన పల్లెలు రాత్రుళ్లు కథలు విన్నాయి, ఎవరూ దడుచుకోలేదు. మనకు ఎరుపంటే కుంకుమ, గడప బొట్టు. ఎరుపు తనంతట తాను బెదిరించదు. బూడిద రంగు పరిచిన చోట అది ఒక్కటే మిగిలితే, ఉండకూడని చోట ఉంటే బెదిరిస్తుంది.

అక్షరాల ఊసే నువ్వు ఎత్తలేదు, నాకు నిజంగా వెలితి అనిపించింది అక్కడే. ఇంగ్లీషు అక్షరాలకు మొనలుంటాయి, వాటిని సాగదీస్తే కత్తులవుతాయి. మన లిపి గుండ్రన, కరుకుదనం దానికి ఒక పట్టాన రాదు. అందుకే మన టైటిల్ ఆర్టిస్టు ఒత్తుల మీద పడతాడు. 'రాత్రి' అన్న మాటలో క్రావడిని కొడవలిలా వంచవచ్చు, 'దెయ్యం'లో య ఒత్తును తోకలా లాగవచ్చు. తలకట్టు నుంచి నెత్తురు కారించడం మాత్రం వాడి వాడి అరిగిపోయిన ఉపాయం. ఇప్పుడది హాస్య సినిమాలకే పనికొస్తోంది.

ఫోను తెర మీద బొటనవేలంత కనిపించే పోస్టర్ల గురించిన పేరా తీసేయి. అందులో కొత్త సంగతి లేదు.

కరెంటు పోయినప్పుడు మీ అక్క గడ్డం కింద టార్చిలైటు పెట్టుకుంటే, రోజూ చూసే ముఖమే ఎవరిదో అయిపోయిందని రాసిన వాక్యాన్ని ముట్టుకోకు. వెలుగు పైనుంచి పడటానికి అలవాటుపడ్డ కంటికి, ముక్కు నీడ నుదుటి వైపు పాకడం ఎంత తేడాగా ఉంటుందో అందులో ఉంది. పైగా 'భయం' అన్న మాట వాడలేదు.

ఆదివారం వీలైతే ఇటు రా. చౌరస్తా దాకా నడిచి, ఏదో ఒక పోస్టరు ముందు పది నిమిషాలు మాట్లాడకుండా నిలబడదాం. ఎవరి కన్ను ముందు ఎక్కడ పడిందో ఎవరికి వారు కాగితం మీద రాసుకుని, టీ తాగేటప్పుడు మార్చుకుని చదువుకుందాం.

ఇట్లు,
అన్న