పదిహేను గుడ్లకు నాలుగే పిల్లలు: పెరటి కోళ్లపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఏప్రిల్ నెలాఖరులో మా నాటు పెట్ట పొదుగుకు వస్తే 15 గుడ్లు వేశాం. నాలుగే పిల్లలయ్యాయి. ఆరు గుడ్లు మురిగిపోయాయి, ఐదింట్లో పిల్ల తయారై గుల్లలోనే చచ్చిపోయింది. మధ్యలో రెండు రోజులు ఉరుములు, గాలివాన. ఉరుములకే చెడ్డాయని మా అత్తగారు అంటున్నారు. ఈసారి బుట్టలో ఇనుప మేకు పెట్టమంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మేకు పెడితే నష్టం లేదు, లాభమూ లేదు. మీ గుడ్లలో సగం ఉరుములకు ముందే, పెట్ట కిందికి చేరకముందే చెడి ఉంటాయి.

నాటు పెట్ట చాలాసార్లు రోజు విడిచి రోజు పెడుతుంది. 15 గుడ్లు కూడేసరికి మొదటి గుడ్డుకు మూడు నాలుగు వారాలు దాటుతాయి. గుడ్డు బయటపడేసరికే లోపల పిండం మొదలై ఉంటుంది. చల్లటి చోట అది ఎదగకుండా ఆగి ఉంటుంది. సుమారు 21 డిగ్రీలు దాటితే కొద్దికొద్దిగా ఎదగడం మొదలుపెట్టి, పొదుగు వేడి అందక సగంలో చస్తుంది. ఏప్రిల్‌లో వంటింటి అటక మీదో, బియ్యం డబ్బాలోనో ఉన్న గుడ్డు గతి ఇదే. పైకి బాగానే కనిపిస్తుంది, పొదుగులో మురుగుతుంది.

కాబట్టి పొదగవేయడానికి చలికాలంలో వారం లోపు గుడ్లు, ఎండాకాలంలో నాలుగైదు రోజుల లోపువి తీసుకోండి. పాతవి కూరకు వాడేయండి. దాచడానికి 15 నుంచి 18 డిగ్రీలు మంచిది. నీడలో తడి ఇసుక పరిచి, దాని మీద మట్టి కుండ పెట్టి, కుండ లోపల పొడి ఊక పోసి గుడ్లు ఉంచితే చాలావరకు సరిపోతుంది. తడి అంతా కుండ బయటే ఉండాలి, గుడ్డుకు తగలకూడదు. సన్నటి కొన కిందికి, వెడల్పు వైపు పైకి. గాలి గది ఉండేది వెడల్పు వైపే. గుడ్డును కడగొద్దు. గుల్ల మీది పలుచటి పొర పోతే సూక్ష్మక్రిములకు దారి దొరుకుతుంది. రెట్ట అంటినవి అసలు వేయకండి. బీటలున్నవి, మరీ పెద్దవి, మరీ చిన్నవి కూడా పక్కన పెట్టండి.

ఇక 15 అన్న లెక్క. మామూలు సైజు నాటు పెట్ట 10–12 గుడ్లకు మించి రెక్కల కింద కప్పలేదు. బక్క పెట్టకు ఎనిమిదే చాలు. పెట్ట ముక్కుతో గుడ్లను లోపలికి, బయటికి మారుస్తూ ఉంటుంది. అందుకే మూడు ఎక్కువైతే చెడేది ఆ మూడే కాదు, వంతులవారీగా అన్నిటికీ చలి తగులుతుంది.

గుల్లలో చచ్చిన ఐదింటి సంగతి వేరు. 21 రోజుల పొదుగులో 18వ రోజు తర్వాత గాలిలో తేమ తక్కువైతే లోపలి పొర ఎండి పిల్లకు అంటుకుపోతుంది, తిరిగి గుల్ల కొట్టుకోలేదు. ఎండలు ముదిరిన రోజుల్లో చివరి మూడు రోజులూ బుట్ట చుట్టూ నేల తడపండి, పెట్ట మేతకు లేచినప్పుడు గుడ్ల మీద గోరువెచ్చని నీళ్లు పలుచగా చిలకరించండి. గాలివాన రోజున మీ బుట్టలోకి జల్లు కొట్టిందేమో కూడా చూసుకోండి. ఉరుము కంటే తడిసిన గడ్డి ప్రమాదం.

బుట్ట అడుగున రెండంగుళాల ఇసుక, పైన మెత్తటి వరిగడ్డి. పెట్టను రాత్రిపూట కూర్చోబెడితే కుదురుగా ఉంటుంది. అంతకు ముందే రెక్కల కింద, తోక దగ్గర కోడి పేలు వెతకండి. పేలు పట్టిన పెట్ట మధ్యలో గుడ్లు వదిలి లేచిపోతుంది. గుడ్లన్నీ ఒకే రోజు వేయాలి. పెన్సిల్‌తో గుర్తు పెట్టండి, వేరే పెట్ట వచ్చి కొత్త గుడ్డు పెట్టిపోతే గుర్తుపట్టి తీసేయొచ్చు. పొదుగులో ఉన్న పెట్ట రోజుకోసారి పావుగంట, ఇరవై నిమిషాలు లేస్తుంది. ఆ కాస్త సేపట్లో గింజలు, నీళ్లు దగ్గర్లోనే దొరకాలి.

ఏడో రోజు రాత్రి చీకట్లో గుడ్డు వెడల్పు వైపు టార్చి ఆనించి చూడండి. సాలెగూడులా ఎర్రటి నరాలు కనిపిస్తే పిల్ల ఉన్నట్టు. తేటగా ఉంటే పుంజు కలవని గుడ్డు. నరాల్లేకుండా ఎర్రటి ఉంగరంలా గీత మాత్రమే ఉంటే ఎదిగి చచ్చింది. ఆ రెండు రకాలూ తీసేస్తే మిగతావాటికి వేడి బాగా అందుతుంది. తేట గుడ్లే ఎక్కువగా వస్తుంటే పుంజు సంగతి చూడాలి. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు ఉండాలి.

ప్రశ్న: 50 గుడ్ల చిన్న ఇంక్యుబేటర్ కొన్నాం. రెండు విడతలూ 22వ రోజు దాటాకే పిల్లలు వచ్చాయి, అవీ సగమే. కరెంటు పోతూ ఉంటుంది. అదే కారణమా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఆలస్యంగా దిగాయంటే వేడి తక్కువైందని అర్థం. 19, 20 రోజులకే బొడ్డు మానకుండా దిగితే వేడి ఎక్కువైనట్టు. మీ మిషన్ చూపించే అంకెను నమ్మే ముందు జ్వరం చూసే థర్మామీటరును గుడ్ల పక్కన పెట్టి సరిచూడండి. ఫ్యాను ఉన్న మిషన్‌లో 37.5 డిగ్రీలు, అంటే ఫారన్‌హీట్‌లో 99.5 ఉండాలి. చవక మిషన్లలో అర డిగ్రీ, డిగ్రీ తేడా మామూలే. 21 రోజుల మీద ఆ తేడా చాలా ఎక్కువ. ఫ్యాను లేని పెట్టెలో వేడి పైకి చేరుతుంది కాబట్టి గుడ్డు పైభాగం ఎత్తులో కొలవాలి, అక్కడ 38.5 దాకా ఉండొచ్చు.

కరెంటు గంట, రెండు గంటలు పోతే కంగారు పడకండి. మూత తీయకుండా పైన దుప్పటి కప్పండి. గుడ్డు కాస్త చలికి తట్టుకుంటుంది, వేడికి తట్టుకోదు. 40 డిగ్రీలు దాటి కొన్ని గంటలుంటే మొత్తం పోయినట్టే. అందుకే కిటికీ ఎండ పడే చోట, రేకుల కింద మిషన్ పెట్టకూడదు.

తేమ మొదటి 18 రోజులు 50–55 శాతం, చివరి మూడు రోజులు 65–70. చేత్తో తిప్పేవారు రోజుకు మూడుసార్లో ఐదుసార్లో, బేసి లెక్కన తిప్పాలి. అలా తిప్పితే పొడుగాటి రాత్రి గంటలు ఒక రోజు ఒక పక్క, మర్నాడు రెండో పక్క గడుస్తాయి. 18వ రోజు నుంచి తిప్పడం ఆపేసి, మూత కూడా తీయకండి. గుల్ల మీద మొదటి బీట పడ్డాక పిల్ల బయటికి రావడానికి 24 గంటలు పట్టొచ్చు. తొందరపడి ఒలిస్తే రక్తం కారి చస్తుంది.

ప్రశ్న: వనరాజా సంకర రకం కోడి పిల్లలు 25 తెచ్చాం. అట్టపెట్టెలో బల్బు పెట్టి, నూకలు వేశాం. వారంలో తొమ్మిది చనిపోయాయి. పిల్లలే నాసిరకమా?
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: బల్బు ఎల్‌ఈడీదై ఉంటుంది. అది వెలుగిస్తుంది కానీ, వేడి ఇవ్వదు. 25 పిల్లలకు 60 వాట్ల పాతరకం తీగ బల్బు కావాలి, చలి రాత్రుల్లో 100 వాట్లది. మొదటి వారం పిల్లల వీపు ఎత్తులో 35 డిగ్రీలు ఉంచి, వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రండి. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద ఒకదాని మీదొకటి ఎక్కితే చలి, గోడలకు పోయి నోరు తెరిస్తే వేడి, అన్నీ ఒకే పక్కకు చేరితే ఎదురుగా చలిగాలి తగులుతోంది. సమంగా పరుచుకుని పడుకుంటే సరిపోయినట్టు.

నాలుగు మూలల పెట్టె కూడా తప్పే. చలికి మూలన గుమిగూడి అడుగున ఉన్నవి ఊపిరాడక చస్తాయి. అడుగున్నర ఎత్తు అట్టనో రేకునో గుండ్రంగా చుట్టండి. లోపల రెండంగుళాల వరి ఊక, మొదటి మూడు రోజులు దాని మీద పేపరు. పేపరు లేకపోతే పిల్లలు ఊకే తింటాయి. మూడు రోజుల తర్వాత కూడా ఉంచితే జారి కాళ్లు పక్కలకు చాపేస్తాయి.

రాగానే ముందు నీళ్లు, తర్వాతే మేత. లీటరు నీళ్లకు 50 గ్రాముల బెల్లమో గ్లూకోజో కలిపి మొదటి కొన్ని గంటలు ఇవ్వండి, నాలుగైదు పిల్లల ముక్కులు నీళ్లలో ముంచితే మిగతావి చూసి నేర్చుకుంటాయి. పళ్లెంలో గులకరాళ్లు వేస్తే మునిగి చావవు. మొదటి పూట మొక్కజొన్న రవ్వ, ఆ తర్వాత పిల్లల దాణా. అందులో మాంసకృత్తులు 20 శాతం పైన ఉంటాయి. నూకల్లో అంతలో సగం కూడా ఉండవు. నూకలతో పెరిగిన పిల్లలు నెలకు కూడా రెక్కలు రాక నీరసంగా ఉంటాయి. చెదలు తవ్వి పెట్టే మన పాత అలవాటు చాలా మంచిది, అయితే దాణాకు తోడుగా మాత్రమే. బూజు పట్టిన వేరుశనగ చెక్క మాత్రం వద్దు.

మూడో వారం నుంచి ఊక తడిగా ఉంటే రక్త పారుడు వస్తుంది. రెట్టలో రక్తం కనిపించిన రోజే పశువైద్యుణ్ని అడిగి ఆంప్రోలియం మందు నీళ్లలో కలపండి, తడి ఊక ఎత్తేయండి.

ప్రశ్న: వనరాజా పెట్టలు పొదుగుకు రావడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: ఏమీ చేయక్కర్లేదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ రకాల్లో పొదుగు గుణం ఉండదు, గుడ్లు ఎక్కువ పెట్టేది కూడా అందుకే. వాటి గుడ్లు నాటు పెట్ట కింద వేయొచ్చు. కానీ ఇవి సంకరం కాబట్టి పుట్టే పిల్లలు తల్లులంత బాగా ఎదగవు, పెట్టవు. రెండు మూడేళ్లకోసారి కొత్త పిల్లలు తెచ్చుకోవడమే.

ప్రశ్న: సంక్రాంతి వెళ్లాక ఏటా కొక్కెర తెగులు (రాణిఖేత్) వచ్చి కోళ్లన్నీ పోతున్నాయి. మెడ మెలి తిప్పుకుని, పచ్చగా పారుకుని రెండు మూడు రోజుల్లో చస్తున్నాయి. వచ్చాక వేసే మందు ఏది మంచిది?
– ఒక పాఠకుడు, భీమవరం దగ్గరి గ్రామం

జవాబు: వచ్చాక పనిచేసే మందు లేదు. వైరస్ జబ్బు, యాంటీబయాటిక్ ఎంత పోసినా డబ్బు దండగే. మీ ఊళ్లో ఇది సంక్రాంతి తర్వాతే రావడానికి కారణం ఉంది. బరిలో నాలుగూళ్ల పుంజులు కలుస్తాయి, గెలిచిన పుంజూ ఓడిన కోడి మాంసమూ ఇంటికొస్తాయి. బయటి నుంచి ఏ కోడి వచ్చినా మూడు వారాలు విడిగా కట్టేయండి. ఓడిన కోడి ఈకలు, పేగులు పెరట్లో పారేయకండి.

టీకాలు ఇలా: 5–7 రోజుల వయసులో కొక్కెరకు లసోటా టీకా, కంట్లో ఒక చుక్క. 14వ రోజు గంబోరో జబ్బుకు టీకా. 28వ రోజు మళ్లీ లసోటా. ఆరో వారం మశూచి టీకా. ఎనిమిది వారాలు నిండాక కొక్కెరకే ఆర్‌ 2 బి అనే టీకా, రెక్క దగ్గర చర్మం కింద అర మిల్లీలీటరు. పెరటి కోళ్లకు అసలు రక్ష ఇదే, ఆరు నెలలకోసారి మళ్లీ వేయించాలి. మీ ఊరికైతే డిసెంబరు మొదటి వారంలో. వారం ముందు నట్టల మందు తాగించండి. చిన్న పిల్లలకు ఆర్‌ 2 బి వేయొద్దు, అది బలమైన టీకా, దానికే జబ్బు పడతాయి. ఇప్పటికే నలతగా ఉన్న కోళ్లకూ వద్దు.

టీకా వేసినా చచ్చాయనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఐసు లేకపోవడమే. సీసా 2–8 డిగ్రీల్లో ఉండాలి, కలిపాక ఐసులోనే ఉంచి రెండు గంటల్లో ముగించాలి. జేబులో పెట్టుకొచ్చిన టీకా ఉత్త నీళ్లతో సమానం. ఒక సీసాలో చాలా మోతాదులు ఉంటాయి కాబట్టి వీధిలో పదిళ్లవాళ్లు కలిసి తెప్పించుకుని, తెల్లవారుజామున కోళ్లు గూట్లోంచి దిగకముందే వేయిస్తే ఒక్కటీ తప్పదు.

చచ్చినవాటిని కాలువలో వేయొద్దు, తక్కువకు అమ్మొద్దు. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. ఉన్నట్టుండి గుంపుగా చస్తే కొక్కెరే అనుకుని ఊరుకోకండి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో వచ్చిన బర్డ్ ఫ్లూ కూడా పైకి ఇలాగే కనిపిస్తుంది. చేతులతో తాకకుండా వెంటనే పశువైద్యశాలకు చెప్పండి.

ప్రశ్న: తోలు గుడ్లు పెడుతున్నాయి. ఒక పెట్ట గుడ్లు తినడం కూడా మొదలుపెట్టింది.
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: రెండూ సున్నం లోపమే అయ్యుండొచ్చు. ఆల్చిప్పల పొడి విడి గిన్నెలో పెట్టండి, కావాల్సిన పెట్టలే తింటాయి. దాణాలో కలిపేస్తే పుంజులకు, పిల్లలకు మూత్రపిండాలు చెడతాయి. పెట్టే చోటు చీకటిగా ఉంచి, గుడ్లు రోజుకు రెండుసార్లు తీసేయండి. అయినా మానకపోతే ఆ పెట్టను కూరకు పంపడమే, ఎందుకంటే దాన్ని చూసి మిగతావి నేర్చుకుంటాయి.

ప్రశ్న: గూటికి జల్లెడ కట్టినా ముంగిస దూరుతోంది.
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: అంగుళం కన్నాల జల్లెడ కోడిని ఆపుతుంది, ముంగిసను కాదు. అరంగుళం వెల్డ్ మెష్ వేయండి, అంచు నేలలో అడుగు లోతు పాతండి. గూడు నేలకు రెండడుగుల ఎత్తున ఉంటే ఇంకా మంచిది. పెద్ద కోడికి ఒకటిన్నర చదరపు అడుగుల చోటు, ఎక్కి కూర్చునే దండెం మీద ఒక్కోదానికి ఆరేడు అంగుళాలు లెక్కేసుకోండి. తలుపు సందు కూడా చూడండి. గోడలన్నీ బిగించి, తలుపు కింద రెండంగుళాల ఖాళీ వదిలే గూళ్లే ఎక్కువ.