అమ్మ మోకాళ్ళ నొప్పికి ఆక్యుపంక్చర్, చైనా మూలికలు: రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు

మీరు అడిగింది ఇదీ: అమ్మగారికి అరవై దాటాయి, మోకాళ్ళు అరిగి మెట్లు ఎక్కలేకపోతున్నారు. ఆక్యుపంక్చర్ చేయించమని తెలిసినవాళ్ళు చెప్పారు. సింగపూర్‌లో ఉన్న అక్క చైనా మూలికల మాత్రలు పంపిస్తానంటోంది. వాల్వు ఆపరేషన్ అయినప్పటి నుంచి అమ్మగారు రక్తం పలచబడే మాత్ర, బీపీ మాత్ర వాడుతున్నారు. ఇవి అసలు ఏమిటి, వాడొచ్చా అని.

నేను ఎంబీబీఎస్ చైనాలో, నాన్‌జింగ్‌లో చదివాను. మాకు వాళ్ళ సంప్రదాయ వైద్యం కూడా ఒక సబ్జెక్టు. క్లాసులో విన్నదాని కన్నా ఆసుపత్రిలో ఆక్యుపంక్చర్ వార్డులో నిలబడి చూసినదే నాకు ఎక్కువ నేర్పింది. ముందే చెప్పేస్తాను: సూదుల విషయంలో మీరు అంత టెన్షన్ పడనక్కర్లేదు. మూలికల విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. మన వాళ్ళు సాధారణంగా దీనికి తలకిందులుగా అనుకుంటారు, సూది అనగానే భయపడి, ఆకు పసరు అంటే ఏమీ కాదులే అంటారు.

ముందు సూదుల సంగతి. వాళ్ళ లెక్కలో ఒంట్లో 'చి' అనే ప్రాణశక్తి కొన్ని నాడీ మార్గాల్లో తిరుగుతూ ఉంటుంది. ఎక్కడైనా అడ్డుపడితే నొప్పి, జబ్బు. ఆ మార్గాల మీద 361 ప్రధాన బిందువులు ఉన్నాయి, అక్కడ సన్నని సూది గుచ్చి ప్రవాహాన్ని సరిచేస్తారు. శరీరాన్ని కోసి చూస్తే ఈ మార్గాలు ఎక్కడా కనిపించవు, ఆ మాట స్పష్టంగా చెప్పాలి. కానీ సూది గుచ్చితే నరాలు స్పందిస్తాయి, నొప్పిని తగ్గించే ఎండార్ఫిన్లు విడుదలవుతాయి. ఇది పరిశోధనల్లో తేలిన విషయమే.

ఆ సూది ఇంజెక్షన్ సూది లాంటిది కాదు. లోపల బోలుగా ఉండదు, మందం పావు మిల్లీమీటరు దగ్గర ఉంటుంది. పరీక్షల రోజుల్లో మెడ పట్టేసి తల తిప్పలేకపోతే మా ప్రొఫెసర్ గారే నాకు గుచ్చారు. చర్మం దాటేటప్పుడు దోమ కుట్టినంత కూడా అనిపించలేదు. లోపలికి వెళ్ళాక ఆమె సూదిని కాస్త తిప్పగానే ఒక రకమైన బరువు, లాగుడు, తిమ్మిరి భుజం దాకా పాకింది. దాన్ని వాళ్ళు 'ద చి' అంటారు, అది వచ్చిందా లేదా అని రోగిని అడిగి మరీ తెలుసుకుంటారు. అరగంట లోపు సూదులు తీసేశారు. ఆ సాయంత్రానికి మెడ తిరిగింది. సూదుల వల్లే తిరిగిందని నేను ప్రమాణం చేసి చెప్పలేను, పట్టేసిన మెడ దానంతట అదే కూడా వదులుతుంది.

ఆ వార్డులో ఎక్కువగా కనిపించేది పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవాళ్ళు, మూతి వంకర పోయినవాళ్ళు, నడుం నొప్పి, మెడ నొప్పి ఉన్నవాళ్ళు. కొందరికి సూదులకు చిన్న క్లిప్పులు తగిలించి సన్నగా కరెంటు పెడతారు. ఇంకొందరికి మాచిపత్రి జాతి ఆకుతో చేసిన చుట్టను వెలిగించి చర్మానికి దగ్గరగా ఉంచి వేడి తగిలిస్తారు. ఎవరూ ఇంగ్లీషు మందులు మానేసి అక్కడికి రావడం నేను చూడలేదు. పక్క బిల్డింగులో ఎంఆర్ఐ తీయించుకుని, బీపీ మాత్ర వేసుకుని, ఆ తర్వాతే వచ్చి పడుకునేవారు. ఈ ముక్క మన దగ్గర చాలామందికి తెలియదు. చైనాలో ఇది డాక్టరుకు బదులుగా వాడే వైద్యం అనుకుంటారు.

మోకాళ్ళకు పనిచేస్తుందా? జర్మనీలో సుమారు వెయ్యి మంది మోకాళ్ళ అరుగుదల రోగుల మీద జరిగిన పెద్ద పరిశోధన 2006లో వచ్చింది. పద్ధతి ప్రకారం బిందువుల్లో సూదులు గుచ్చినవాళ్ళలో 53 శాతం మందికి గుణం కనిపించింది. బిందువులు కాని చోట పైపైన గుచ్చినవాళ్ళలో 51 శాతం. మామూలు వైద్యం మాత్రమే తీసుకున్నవాళ్ళలో 29 శాతం. దీన్నిబట్టి నాకు అర్థమైంది ఏమిటంటే, సూదులతో చాలామందికి ఊరట దొరుకుతుంది, కానీ ఆ ఊరటకు బిందువు ఖచ్చితంగా ఎక్కడుందన్నది పెద్ద కారణం కాదు. పడుకోబెట్టి, ఓపిగ్గా అడిగి, ఒంటి మీద చెయ్యి వేసి చూసే మనిషి వల్ల కలిగే మేలు కూడా అందులో ఉంది. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యానికి మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ అయితే 2022లో మోకాళ్ళ అరుగుదలకు ఆక్యుపంక్చర్ వద్దనే చెప్పింది. అరిగిన గుజ్జు మళ్ళీ పెరుగుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. నొప్పి తగ్గితే అమ్మగారు నాలుగు అడుగులు ఎక్కువ నడుస్తారు, తొడ కండరాల వ్యాయామం చేయగలుగుతారు. ఆ మేరకు ప్రయత్నించడంలో తప్పు లేదు.

మన దేశానికి ఈ వైద్యం వచ్చిన దారి నాకు చాలా ఇష్టం. జపాన్‌తో యుద్ధంలో ఉన్న చైనాకు సాయంగా 1938లో మన డాక్టర్లు ఐదుగురు వెళ్ళారు. వాళ్ళలో ద్వారకానాథ్ కోట్నీస్ 1942లో అక్కడే చనిపోయారు. అదే బృందంలోని బిజయ్ కుమార్ బసు తర్వాత మళ్ళీ చైనా వెళ్ళి ఆక్యుపంక్చర్ నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టారు.

ఇక మూలికలు. నాన్‌జింగ్‌లో ఆసుపత్రి ఫార్మసీ చూస్తే మన ఊళ్ళో పాత పచారీ కొట్టు గుర్తొస్తుంది. గోడ నిండా చిన్న చిన్న చెక్క సొరుగులు, ఒక్కో దాంట్లో ఒక్కో వేరు, బెరడు, పువ్వు. డాక్టరు నాడి పట్టి, నాలుక చూసి చీటీ రాస్తే అందులో పదీ పన్నెండు దినుసులు ఉంటాయి. తూచి పొట్లం కట్టి ఇస్తారు, ఇంట్లో మట్టికుండలో కషాయం కాచుకోవాలి. ఓపిక లేనివాళ్ళకు ఆసుపత్రిలోనే కాచి ప్లాస్టిక్ ప్యాకెట్లలో పోసిస్తారు. అల్లం, దాల్చిన, అతిమధురం చూసి నాకు మన ఇల్లే అనిపించింది. వాళ్ళ చీటీల్లో అతిమధురం లేనివి తక్కువ.

ఈ మూలికల్లో నిజమైన మందు ఉంది. దానికి చైనా శాస్త్రవేత్త తు యూయూ కథ చాలు. మలేరియాకు మందు వెతుకుతూ ఆమె నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ రాసిన గ్రంథం తిరగేశారు. చింగ్‌హావ్ అనే మొక్కను నీళ్ళలో నానబెట్టి పిండి ఆ రసం తాగమని అందులో ఉంది, కాచమని లేదు. వేడికి మందు గుణం పోతోందని ఆమెకు తట్టింది. 1971లో తక్కువ వేడి మీద ఈథర్‌తో సారం తీస్తే పనిచేసింది. అదే ఆర్టెమిసినిన్, 2015లో నోబెల్ తెచ్చింది. మన పాడేరు ఏజెన్సీలో ఫాల్సిపేరం అనే ప్రమాదకరమైన రకం మలేరియాకు ఇచ్చే ఏసీటీ (ఆర్టెమిసినిన్ రకం మందును మరో మందుతో కలిపి ఇచ్చే) మాత్రలకు మూలం అదే.

జబ్బును లొంగదీసే శక్తి ఉన్న మొక్కకు ఒంటికి హాని చేసే శక్తి కూడా ఉంటుంది. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గే మందుల్లో ఒక చైనా మూలికకు బదులు పేరు దగ్గరగా ఉన్న మరో మూలిక కలిసింది. దాంట్లో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంది. వంద మందికి పైగా ఆడవాళ్ళకు కిడ్నీలు పాడయ్యాయి, కొందరికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ వచ్చింది. మన వైపు నల్ల ఈశ్వరి అని పిలిచే తీగ కూడా ఆ జాతిదే.

మీ అమ్మగారి విషయంలో నా భయం మూడు చోట్ల ఉంది. రక్తప్రసరణకని వాడే దాన్‌షెన్, దాంగ్‌గుయ్ అనే వేర్లు రక్తం పలచబడే మాత్ర ప్రభావాన్ని పెంచి రక్తస్రావం తెప్పించగలవు. అతిమధురం రోజూ ఎక్కువ పడితే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. మూడోది ఇంకా ప్రమాదం: కీళ్ళ నొప్పులకు మూలికల పేరుతో అమ్మే మాత్రల్లో చెప్పకుండా స్టెరాయిడ్, నొప్పి మాత్రల పొడి కలిపిన సందర్భాలు సింగపూర్ ఆరోగ్య అధికారులే పలుమార్లు పట్టుకుని హెచ్చరించారు. రెండు రోజుల్లో నొప్పి మాయమైతే మొదట అనుమానించాల్సింది దాన్నే.

కాబట్టి అక్కకు ఫోన్ చేసి మాత్రలు పంపొద్దని చెప్పండి. ఆక్యుపంక్చర్ చేయించదలిస్తే ముందు రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూపే పీటీ ఐఎన్ఆర్ పరీక్ష చేయించి, ఫలితం గుండె డాక్టరుకు చూపించి, ఆయన సరేనన్నాకే వెళ్ళండి. సూదుల ప్యాకెట్ మీ కళ్ళ ముందే విప్పాలి, వాడాక పారేయాలి. వాడిన సూదులు మళ్ళీ వాడితే హెపటైటిస్ బి అంటుకునే ప్రమాదం ఉంది. రక్తం పలచబడే మాత్ర సంగతి గుచ్చేవాళ్ళకు మీరే ముందు చెప్పండి, చిన్నచిన్న కమిలిన మచ్చలు రావచ్చు. గుండెకు పేస్‌మేకర్ కూడా ఉంటే కరెంటు పెట్టే పద్ధతి వద్దనండి. ఆరేడు సిట్టింగుల తర్వాత కూడా మెట్లు ఎక్కడంలో తేడా కనిపించకపోతే ఆపేసి ఆ డబ్బు ఫిజియోథెరపీకి పెట్టండి. బీపీ మాత్ర, రక్తం మాత్ర ఆపమని ఎవరైనా చెప్తే అక్కడి నుంచి వెంటనే లేచి వచ్చేయండి.