రోడ్డు పక్క గంపలు: ఉంచాలా, తీయించాలా?

ప్రశ్న: మాది గోదావరి గట్టుకు దగ్గరలోని పట్టణం. మా వీధి మలుపులో తెల్లవారేసరికి ఆకుకూరల గంపలు, చేపల తట్టలు, అరటిపళ్ల తోపుడుబండ్లు బారులు తీరతాయి. స్కూలు బస్సు తిరగడానికి చోటుండదు. అపార్ట్‌మెంట్ల సంఘం సమావేశంలో సగం మంది తీయించేద్దామన్నారు, సగం మంది వద్దన్నారు. 2027లో పుష్కరాలు వస్తున్నాయి కాబట్టి ఇప్పుడే అర్జీ పెడితే పని జరుగుతుందని కార్యదర్శి పట్టుబడుతున్నారు. సంతకం పెట్టమంటారా?
– ఒక సంఘ సభ్యుడు (పేరు, ఊరు వేయవద్దన్నారు)

జవాబు: పెట్టకండి. వేరే అర్జీ రాయండి, దాని మీద అందరి చేతా సంతకాలు చేయించండి.

బస్సు ఇబ్బంది నిజమే, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ పట్టణ ప్రణాళిక విభాగంలో పనిచేసినన్నాళ్లూ నేను చూసింది ఒక్కటే. ట్రాక్టర్ వస్తుంది, గంపలు ఎక్కిస్తారు, రోడ్డు ఖాళీ అవుతుంది, వారం తిరక్కుండా అవే గంపలు అదే మలుపులో ఉంటాయి. ఉండక ఏం చేస్తారు? లంకల్లో చీకటితో కోసిన తోటకూర, గోంగూర తడి గోనెపట్టా కింద దాచి తెస్తారు. ఎండ ముదిరితే ఆ పట్టా కిందే ఆకు వడలిపోతుంది, ఇరవై రూపాయల కట్ట పదికి అడుగుతారు. కొనేవాళ్లు నడిచే దారిలోనే వాళ్లు కూర్చోవాలి. ఊరి చివర షెడ్డు వేసి అక్కడికి పొమ్మంటే ఆ షెడ్డులో మేకలే పడుకుంటాయి.

వీధి వ్యాపారుల చట్టం 2014 మే 1 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం ముందు సర్వే చేయాలి. అందులో తేలిన వ్యాపారులకు ధ్రువపత్రాలు ఇవ్వాలి. అంతవరకు ఎవరినీ లేపకూడదు. ఆ తర్వాత కూడా ఒక చోటి నుంచి మార్చాలంటే ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అసలు కాలిబాట మీద వ్యాపారం కూడా హక్కేనని, దానికి సమంజసమైన పరిమితులు పెట్టవచ్చని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది.

మీ సంఘం పట్టించుకోవలసింది వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీని. దానికి మునిసిపల్ కమిషనర్ అధ్యక్షుడు. సభ్యుల్లో నలభై శాతం మంది వ్యాపారులు తమలోంచి ఎన్నుకున్నవాళ్లు, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ట్రాఫిక్ పోలీసులకూ మీలాంటి నివాసుల సంఘాలకూ అందులో చోటుంది. మీ పట్టణంలో ఆ కమిటీ ఉందా, చివరిసారి ఎప్పుడు కూర్చుంది? సమాచార హక్కు కింద అడగండి. ఆ తర్వాత మలుపుకు ఇరువైపులా బస్సుకు కావలసినంత మేర గీత గీయమని, మిగతా చోట తొమ్మిది గంటల వరకు అమ్ముకోనిమ్మని కోరండి. వేళల ప్రకారం చోటు ఇచ్చే ఏర్పాటు చట్టంలోనే ఉంది. వేళ ముగియగానే సరుకు తీసేయడం, చోటు శుభ్రం చేయడం వ్యాపారుల బాధ్యత. పత్రం తీసుకున్నవాళ్లు దాన్ని ఇంకొకరికి అద్దెకు ఇవ్వకూడదు. మీ వీధిలో చోట్లు అద్దెకు తిప్పేవాళ్లు ఉంటే అక్కడ నిక్కచ్చిగా ఉండండి.

చేపల విషయంలో నేనూ గట్టిగానే మాట్లాడతాను. మన డెల్టా ఊళ్లలో నేల బల్లపరుపు, మురుగు కాలువలకు వాలు తక్కువ. పొలుసు, పేగులు అందులో పడితే అక్కడే కుళ్లుతాయి, వానాకాలంలో ఆ నీరే ఇళ్ల ముందుకు వస్తుంది. మూత ఉన్న డబ్బా ఒకటి అక్కడ పెట్టించి, పారిశుద్ధ్య సిబ్బంది రోజూ ఎత్తుకెళ్లేలా చూడండి.

పుష్కరాల మాట. 2015 జూలై 14న రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో జరిగిన తొక్కిసలాటను ఎవరూ మరవలేరు. ఘాట్లకు వెళ్లే దారులు ఆ పన్నెండు రోజులూ ఖాళీగా ఉండి తీరాలి. ఇందులో రెండో మాట లేదు. కానీ అది ఘాట్ దారుల సంగతి, ముందే నోటీసిచ్చి, వేరే చోటు చూపి చేయవలసిన పని. అపార్ట్‌మెంట్ల వెనక వీధిలో గోంగూర అమ్మే మనిషిని ఇప్పుడే లేపడానికి పుష్కరాలను అడ్డం పెట్టుకోవడం నాకు నచ్చలేదు.

ప్రశ్న: మా అమ్మ రోజూ ఆశీలు (అమ్ముకునే చోటుకు వసూలు చేసే రుసుము) కట్టి చేపలు అమ్ముతుంది. అయినా తట్ట, తక్కెడ రెండూ ట్రాక్టర్‌లో వేసుకుపోయారు. ఆశీలు తీసుకున్నాక ఖాళీ చేయించవచ్చా?
– డిగ్రీ విద్యార్థిని, కోనసీమ

జవాబు: అమ్మా, ఆశీలు చీటీ ధ్రువపత్రం కాదు. కానీ ఆ చీటీలు పారేయకండి, తేదీల వారీగా దాచండి. మీ అమ్మగారు ఎంత కాలంగా అక్కడ అమ్ముతున్నారో సర్వేలో చూపించడానికి పనికొస్తాయి.

సరుకు తీసుకుపోయేటప్పుడు జాబితా రాసి సంతకం చేసి ఇవ్వాలి. చేపల వంటి పాడయ్యే సరుకును అడిగిన రోజే తిరిగి ఇవ్వాలి, తక్కెడ లాంటివి రెండు పనిదినాల్లో. నిర్ణీత రుసుము ఉంటే కట్టండి, రసీదు లేకుండా మాత్రం రూపాయి కూడా ఇవ్వకండి. జాబితా ఇవ్వకపోతే ఏ రోజు, ఏ వేళ, ఏమేమి తీసుకుపోయారో రాసి కమిషనర్‌కు ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ఇలాంటి తగాదాలు వినడానికి మాజీ సివిల్ జడ్జి లేదా మేజిస్ట్రేటు అధ్యక్షతన కమిటీ ఉండాలని కూడా చట్టం చెబుతోంది.

సర్వే వాళ్లు వచ్చినప్పుడు మీ అమ్మగారు తట్ట దగ్గరే ఉండేలా చూడండి. అప్పుడప్పుడూ మీరు కూర్చుంటారని కూడా చెప్పండి, కుటుంబ సభ్యులు అమ్మడానికి చట్టం ఒప్పుకుంటుంది. పత్రం చేతికొచ్చాక వీధి వ్యాపారుల కోసం కేంద్రం 2020లో మొదలుపెట్టిన పీఎం స్వనిధి పథకం అప్పు కోసం బ్యాంకులో అడగండి, రోజువారీ వడ్డీ వాళ్ల దగ్గరికి వెళ్లే పని తగ్గుతుంది.