ఈత రాదు, నహానీ నదిలో గైడెడ్ కనూ ట్రిప్‌కి వెళ్లొచ్చా? – ఈత వచ్చినవాడి సమాధానం

ప్రశ్న అడిగినాయన కాల్గరీలో ఉంటారట. ఆఫీసులో ఫ్రెండ్స్ వచ్చే వేసవికి కెనడా ఉత్తరాన నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లో సౌత్ నహానీ నది మీద గైడెడ్ కనూ (తెడ్లతో నడిపే సన్నటి పడవ) ట్రిప్ బుక్ చేస్తున్నారు, నాకేమో ఈత రాదు, పైగా అన్ని వేల డాలర్లు కట్టి తెడ్డు కూడా మనమే వేసుకోవాలట, వెళ్లొచ్చా మానేయాలా అని అడిగారు.

వెళ్లండి. ఈత రాదు కాబట్టి ఇంకా ధైర్యంగా వెళ్లండి. కింద నలుగురు "ఈత రాకపోతే ప్రాణాలతో చెలగాటం" అని రాశారు, వాళ్లలో ఒక్కరైనా ఆ నది చూశారో లేదో నాకు అనుమానమే. నేను చూశాను, దాని నీళ్లు తాగాను కూడా, కావాలని తాగలేదు అది వేరే సంగతి.

ముందు నా గొప్ప చెప్పుకోనివ్వండి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మాది గోదావరి ఒడ్డు. ఆరేళ్లకి కాలవలో ఈత, పన్నెండేళ్లకి పుష్కరాల రేవు నుంచి అవతలి లంక దాకా వెళ్లి రావడం, మా నాన్నకి తెలిసి వీపు చిట్లగొట్టడం, అన్నీ అయ్యాయి. ఎడ్మంటన్ వచ్చి పద్నాలుగేళ్లయినా నీళ్ల గురించి ఎవరు మాట్లాడినా మధ్యలో దూరి గోదావరి గురించి చెప్పడం నాకు అలవాటు. మా బావమరిది పుట్టింది పెరిగింది హైదరాబాద్, మెహదీపట్నం. బాత్ టబ్‌లో కూడా అంచు పట్టుకుని కూర్చునే రకం. ట్రిప్‌కి వాడిని నేనే బలవంతంగా లాక్కెళ్లా, నేనున్నాగా రా, నువ్వు మునిగితే నేను తీస్తా అని. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఎడ్మంటన్ నుంచి ఫోర్ట్ సింప్సన్ దాదాపు 1,500 కిలోమీటర్లు, కారులో వెళ్లాం. చివర్లో లియార్డ్ నది దాటాలి, వేసవిలో అచ్చం మన పంటు లాంటిదే ఉంటుంది, కారు ఎక్కించుకుని అవతల దింపుతారు, చలికాలంలో అయితే గడ్డకట్టిన నది మీదే రోడ్డు. ఆ ఊరు నుంచి నీళ్ల మీద దిగే చిన్న విమానంలో లోపలికి వెళ్లాలి, రోడ్డు లేదు. కనూలు ఒకదానిలో ఒకటి పేర్చి విమానంలోనే కట్టేస్తారు. అయితే మేము వెళ్లేసరికి అడవి మంటల పొగ, విమానం లేవదన్నారు. రెండు రోజులు ఊళ్లో కూర్చోబెట్టారు. నేను ఊరుకుంటానా, ఇంత డబ్బు కట్టాం, సెలవులు లెక్కపెట్టుకుని వచ్చాం అని గొడవ మొదలుపెట్టా. అక్కడ కాఫీ షాపులో ఒక పెద్దావిడ నవ్వి, 1984లో పోప్ జాన్ పాల్ వస్తారని జనం అంతా ఎదురుచూస్తే పొగమంచు వల్ల ఆయన విమానమే దిగలేకపోయింది, 1987లో మళ్లీ వచ్చి మాట నిలబెట్టుకున్నారు, నువ్వు రెండు రోజులు ఆగలేవా అంది. నోరు మూసుకుని డోనట్ తిన్నా.

మాకు ఇద్దరు గైడ్లు. పెద్ద గైడు ఒక అమ్మాయి, ఇరవై ఆరేళ్లుంటాయేమో. నిజం చెప్తున్నా, చూడగానే నాకు నచ్చలేదు. మనకి సరంగు అంటే తలకి తువ్వాలు, నోట్లో చుట్ట, నలభై ఏళ్ల అనుభవం ఉండాలి కదా. ఈ పిల్ల మొదటి రోజే అందరినీ వరసగా నిలబెట్టి లైఫ్ జాకెట్ బెల్టులు లాగి చూసి, కళ్లజోడు ఉన్నవాళ్లు తాడు కట్టుకోండి అంది. నేను కట్టుకోలేదు. ముసలాళ్లలా మెడలో తాడేంటి అని. బావమరిది కట్టుకున్నాడు. వాడికి కళ్లజోడు కూడా లేదు, కూలింగ్ గ్లాసులకి కట్టుకున్నాడు.

విమానం దింపేది వర్జీనియా ఫాల్స్ పైన. ఎత్తు 90 మీటర్ల పైనే, నయాగరాకి ఇంచుమించు రెట్టింపు, మధ్యలో ఒక పెద్ద రాతి స్తంభం నీళ్లని రెండుగా చీలుస్తూ నిలబడి ఉంటుంది. అక్కడి మూలవాసులు, డెనే వాళ్లు, దాన్ని నాయిలిచో అంటారు, 1928లో ఒకాయన వచ్చి తన కూతురి పేరు పెట్టేసి వెళ్లాడు, మ్యాపుల్లో ఆ పేరే మిగిలింది. అక్కడ గంటసేపు ఎవరం మాట్లాడలేదు, మాట్లాడినా వినపడదు. 1970లో అప్పటి ప్రధాని పియర్ ట్రూడో ఈ నదికి వచ్చి వెళ్లాడు, 1972లో దీన్ని పార్కుగా కాపాడారు, 1978లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితా మొదలైనప్పుడు అందులో చేరిన మొట్టమొదటి పన్నెండు చోట్లలో ఇదొకటి. అంత గొప్ప చోటుకి మనవాళ్లు వచ్చి మొదట అడిగేది సిగ్నల్ ఉందా అని. లేదండి. అక్కడ శాటిలైట్ ఫోన్ ఒక్కటే, అది గైడు దగ్గర ఉంటుంది, మీ స్టేటస్ అప్‌డేట్‌కి ఇవ్వదు.

ఫాల్స్ కిందికి సామాను, కనూలు, తిండి డ్రమ్ములు అన్నీ మనమే మోయాలి, కిలోమీటరు పైనే. గైడెడ్ అంటే పల్లకీ అనుకోకండి. వంట వాళ్లు చేస్తారు, గిన్నెలు మనం తోమాలి. నేను తీసుకెళ్లిన ఆవకాయ సీసా చూసి గైడు మూత తీసి వాసన చూసి, కళ్ల నీళ్లు తుడుచుకుని, ఇది ఎలుగుబంట్లకి వాసన తగలని డ్రమ్ములోనే ఉండాలి, రాత్రి టెంట్‌లో మాత్రం వద్దు అంది. దోమల గురించి విడిగా చెప్పాలి. మన కోనసీమ దోమలు సంగీతం పాడి కుడతాయి, ఇవి సరాసరి పనిలోకి దిగుతాయి. గుర్రపు ఈగ లాంటిది ఇంకోటి ఉంది, అది కుట్టదు, ముక్క కొరుక్కుని పోతుంది. జూలైలో రాత్రి పదకొండుకి కూడా పేపరు చదువుకునేంత వెలుతురు, నిద్ర పట్టదు, పట్టిందా బయట ఎవరో గురక, ఆ గురక మనిషిదా ఎలుగుదా అని బావమరిది నన్ను లేపడం.

సరే, అసలు సంగతి. ఫాల్స్ నుంచి దిగువకి వస్తుంటే ముందు నాలుగో కాన్యన్ (రెండు పక్కలా నిటారు రాతి గోడలున్న లోయ) వస్తుంది, చివర్లో ఒకటోది. ఈ లెక్క తలకిందులు ఎందుకంటే పేర్లు పెట్టినవాళ్లు కింద నుంచి ఏటికి ఎదురు వచ్చారు. ఆ పై భాగంలోనే ఫిగర్ ఎయిట్ ర్యాపిడ్ అని ఉంది, హెల్స్ గేట్ అని కూడా అంటారు. నది ఇరుకై ఒక్కసారిగా మలుపు తిరుగుతుంది, ఉరవడి మొత్తం ఎదురుగా ఉన్న రాతి గోడకి కొట్టుకుని అటొక సుడి ఇటొక సుడి, ఇంగ్లీషు ఎనిమిది అంకె పడుకున్నట్టు. గైడు అందరినీ ముందే ఒడ్డుకి లాగించి, కొండ ఎక్కించి పైనుంచి చూపించింది. ముప్పావు గంట చూపించింది. అదిగో ఆ అల దగ్గర లోపలి వైపు ఉండండి, గోడ వైపు పోవద్దు, తర్వాత ఈ పక్కన వెనక్కి తిరిగే నీళ్లలోకి దూరి ఆగండి, ఒక్కొక్క పడవే రావాలి, ముందు నేను వెళ్లి కింద తాడు పట్టుకుని నిలబడతా అని. ఇంకో మాట పదిసార్లు చెప్పింది. పారే నీళ్లలోంచి ఆగిన నీళ్లలోకి దూరేటప్పుడు పడవ గిర్రున తిరుగుతుంది, బైక్ మీద మలుపులో వాలినట్టు తిరిగే వైపే వాలండి, భయపడి అవతలికి వాలారో బోల్తా, పడవ అంచు పట్టుకోవద్దు, తెడ్డు నీళ్లలో ఉన్నంతసేపే పడవ నిలబడుతుంది.

నేను ఆ టైంలో ఫోటోలు తీసుకుంటున్నా. బావమరిది మాత్రం ఆ వాలడం అక్కడే కొండ మీద నిలబడి ప్రాక్టీస్ చేస్తున్నాడు, పక్కనున్న జర్మన్ దంపతులు నవ్వుతున్నారు.

చుక్కాని చోటు నాదే, వెనక. వాడు ముందు. అల వరకూ బ్రహ్మాండంగా వచ్చాం, పడవ మీద కప్పే స్ప్రే డెక్ గుడ్డ మీద నుంచి నీళ్లు మొహాన కొట్టినా నేను "చూశావా" అని అరుస్తూనే ఉన్నా. లోపలి వైపు నీళ్లలోకి ముక్కు దూరింది. పడవ తిరిగింది. వాడు చెప్పినట్టే వాలాడు. నేను... అంచు పట్టుకున్నా. రెండు చేతులతో. తెడ్డు ఎప్పుడు వదిలేశానో తెలీదు. అవతలికి వాలాను. అంతే, ఆకాశం ఉండాల్సిన చోట నీళ్లు.

ఆ చలి ఎలా ఉంటుందో చెప్పలేను, ఊపిరి లోపలికి పోతోంది కానీ బయటికి రావట్లేదు. మానిటోబా యూనివర్సిటీ ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ఒక లెక్క చెప్తాడు, ఒకటి పది ఒకటి అని. చల్లటి నీళ్లలో పడితే మొదటి 1 నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికి, తర్వాత 10 నిమిషాలు చేతులు కాళ్లు పని చేస్తాయి, స్పృహ తప్పడానికి దాదాపు 1 గంట. అంటే తొందరపడి ఏదీ చేయక్కర్లేదు, లైఫ్ జాకెట్ నిన్ను పైన ఉంచుతుంది, ముందు ఊపిరి తీసుకో అని. గైడు ఇది మొదటి రోజే చెప్పింది, వెల్లకిలా పడుకుని కాళ్లు దిగువకి పెట్టి తేలమంది, లేచి నిలబడాలని చూడొద్దు రాళ్ల మధ్య కాలు ఇరుక్కుంటుంది అంది, పడవకి ఎగువనే ఉండు లేకపోతే రాయికీ దానికీ మధ్య నలిగిపోతావు అంది. బావమరిదికి ఈత రాదు కాబట్టి వాడికి ఇవి తప్ప ఇంకేం తెలీదు, చెప్పింది చెప్పినట్టు చేశాడు. వెల్లకిలా, కాళ్లు పైకి, ఒక చేత్తో పడవ తాడు, ఇంకో చేత్తో తెడ్డు. తెడ్డు కూడా వదల్లేదు వెధవ.

నేనేం చేశాను? బారలు వేశాను. గోదావరి ఈత. ఒడ్డు ఎదురుగా పది గజాల్లో కనపడుతోంది, నాలుగు బారలు వేస్తే అందుకోవచ్చు అనిపిస్తుంది, వేశాను, సుడి నన్ను గుండ్రంగా తిప్పి మొదలెట్టిన చోటికే తెచ్చింది. మళ్లీ వేశాను. మళ్లీ అక్కడికే. గైడు ఒడ్డు నుంచి విసిరిన తాడు సంచీ వచ్చి నా మొహం పక్కనే పడింది, చూశాను కూడా, పట్టుకోలేదు. ఎందుకంటే నేను ఈదుతున్నా కదా! ఈదేవాడికి తాడెందుకు? మూడో చుట్టుకి చేతులు నావి కావు. రెండోసారి తాడు విసిరి ఆ పిల్ల అరిచిన అరుపు ఆ కాన్యన్‌లో ఇంకా తిరుగుతూ ఉంటుంది. "ఈత ఆపు! తాడు పట్టుకో!" అప్పుడు పట్టుకున్నా. మధ్యలో "అమ్మా" అని నేను కూడా అరిచానట, నాకు గుర్తులేదు, బావమరిది ప్రతి తెలుగు అసోసియేషన్ పిక్నిక్‌లోనూ గుర్తు చేస్తాడు.

ఒడ్డుకి లాగాక ఆమె ఒక్క మాట అనలేదండి. పొడి బట్టలు, నిప్పు, వేడి నీళ్లలో ఇంత చక్కెర. తిడితే బాగుండేది.

అందుకే నా అభిప్రాయం ఇది, ఎవరేమన్నా మార్చుకోను. ఈత వచ్చినవాడికంటే చెప్పిన మాట వినేవాడే ఆ నదిలో సేఫ్. గైడుకి ఇచ్చే డబ్బు దారి చూపించడానికి కాదు, నదికి ఒకటే దారి, మూసుకుని కూర్చున్నా తీసుకెళ్తుంది. ఆ డబ్బు "ఈరోజు వద్దు, ఆగుదాం" అనే మాట కోసం. రెండో కాన్యన్ దగ్గర వాన పడి నది ఉబ్బితే ఒక రోజంతా మమ్మల్ని ఒడ్డునే కూర్చోబెట్టింది, ఈసారి నేను కిక్కురుమనలేదు.

పాపికొండలు వెళ్లినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది ఇక్కడే. లాంచీ ఎక్కగానే లైఫ్ జాకెట్ ఇస్తే మనవాళ్లు దాన్ని కింద వేసుకుని కూర్చుంటారు, ఉక్కపోతగా ఉందంటారు, సెల్ఫీలో బాలేదంటారు. నేనూ అన్నాను. 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగి అంత ఘోరం జరిగింది, ఆ వారమంతా టీవీల్లో జాకెట్ల గురించే, ఆ తర్వాతి ఏడాది మా పెదనాన్న కొడుకు పెళ్లి బృందంతో పడవెక్కితే మళ్లీ అదే, "మనకి ఈత వచ్చు కదరా". ఈ మాట వింటే ఇప్పుడు నాకు ఆ సుడి కనపడుతుంది.

మీరు డబ్బు గురించి కూడా అడిగారు. ఎక్కువే. కానీ కొండలు లేవకముందే అక్కడ వంకర్లు తిరుగుతూ పారిన నది అది, కొండలు మెల్లగా లేస్తుంటే కోసుకుంటూ తన దారిలోనే ఉండిపోయింది. ఒకటో కాన్యన్‌లో గోడలు వెయ్యి మీటర్లట. డెడ్‌మెన్ వ్యాలీలో బంగారం వెతకడానికి వెళ్లిన మెక్లియోడ్ అన్నదమ్ముల తలలు లేని శవాలు 1908లో దొరికిన కథ గైడు రాత్రి చెప్తే బావమరిది నా టెంట్‌లోకి వచ్చేశాడు. తర్వాత క్రాస్ హాట్ స్ప్రింగ్స్‌లో గంధకం కంపు కొట్టే గోరువెచ్చని నీళ్లలో రెండు గంటలు కూర్చున్నాం, ఆవకాయ అన్నం అక్కడే తిన్నాం, జర్మన్ ఆయన రెండోసారి అడిగి వేయించుకున్నాడు. ఆ కింద స్ప్లిట్స్ అనే చోట నది పాయలు పాయలుగా విడిపోయి అచ్చం మన లంకల్లాగే ఉంటుంది, అక్కడ ఎందుకో ఇల్లు గుర్తొచ్చింది.

ఒకటో కాన్యన్ గోడలు "వెయ్యి మీటర్లట" అని ఎందుకన్నానంటే నేను సరిగ్గా చూడలేదు. తాడు కట్టుకోని కళ్లజోడు ఫిగర్ ఎయిట్‌లోనే ఉండిపోయింది. పవర్ ఉన్న కూలింగ్ గ్లాసులు ఒకటి బ్యాగులో ఉంటే అవే పెట్టుకుని మిగతా ఐదు రోజులు తిరిగా. వానలో అవే, రాత్రి మంట దగ్గర అవే, టెంట్‌లో పడుకునే ముందు అవే. ఫోర్ట్ సింప్సన్ తిరిగొచ్చి సిగ్నల్ రాగానే ఫోటోలన్నీ ఊరికి పంపిస్తే అమ్మ ఫోన్ చేసి మొదట అడిగింది, "ఏరా, కళ్లకలక వచ్చిందా?"