పెద్ద ప్రాజెక్టులో ఎలక్ట్రికల్ సామానంతా ఒకే సప్లయర్‌కి ఇచ్చేస్తే మన పని తగ్గిపోతుందా?

తగ్గదు, మారుతుంది: నలుగురు సప్లయర్ల మధ్య పంచాయితీ తీర్చే పని పోయి, ఆ ఒక్కరి వెంటపడే పని వస్తుంది.

ట్రాన్స్‌ఫార్మర్ ఒకరిది, స్విచ్‌గేర్ (కరెంటును పంచే, ఆపే ప్యానెళ్లు) ఇంకొకరిది, రిలేలు (లోపం కనిపెట్టి కరెంటు ఆపించే పరికరాలు) మరొకరివి అయితే ట్రాన్స్‌ఫార్మర్‌ని స్విచ్‌గేర్‌కి కలిపే బస్ డక్ట్ ఫ్లాంజ్ (బిగింపు అంచు) బోల్టు రంధ్రాలు కలవకపోయినా, రిలే స్కాడాతో (అన్నిటినీ కంప్యూటర్‌లో చూసి నడిపే వ్యవస్థతో) మాట్లాడకపోయినా "తప్పు నాది కాదు" అనే మాటే వినిపిస్తుంది. ఒక్కరే అయితే ఆ సాకు ఉండదు. కానీ ఆర్డర్ ఆ సప్లయర్ చేతికి వెళ్లాక మన బేరం బలం సగం పోయినట్టే, ఎందుకంటే మధ్యలో ఇంకొకరి దగ్గరికి వెళ్లడం దాదాపు కుదరదు.

ఉదాహరణకి, టెండర్ నాటి లోడ్ లిస్టులో 120 మోటార్లు ఉన్నాయనుకోండి, డిజైన్ ముదిరేసరికి అవి 150 అవుతాయి. అదనపు ఫీడర్‌కి (ఒక్కో మోటారుకి కరెంటిచ్చే స్విచ్‌గేర్ భాగానికి) యూనిట్ రేటు కాంట్రాక్టులోనే రాయించుకోకపోతే ఆ 30కి వాళ్లు చెప్పిందే ధర. అలాగే డెలివరీ తేదీ ఒక్కటే పట్టుకుని కూర్చోకూడదు, డ్రాయింగుల తేదీలకీ పేమెంట్ ముడిపెట్టాలి. ట్రాన్స్‌ఫార్మర్ బరువు, కేబుల్ ఎంట్రీ కొలతలు రానిదే సివిల్ వాళ్లు పునాది, ట్రెంచి డిజైన్ ఖరారు చేయలేరు. అసలు ఆలస్యం చాలాసార్లు ఇక్కడే మొదలవుతుంది.

చాలామంది పొరబడేదేంటంటే, ఒకే సప్లయర్ అంటే అన్నీ ఆయనే తయారుచేస్తాడని. బ్యాటరీలు, యూపీఎస్ లాంటివి తరచూ బయటే కొంటాడు. అందుకే సబ్‌వెండర్ల లిస్టు ముందే ఆమోదించాలి, ఫ్యాక్టరీ టెస్టులకి మన ఇంజినీర్ వాళ్ల దగ్గరికీ వెళ్లాలి.